కుండ అడుగున రెండు గుప్పెళ్ళు

సత్యవాణి గురించి అరపేజీ రాసిమ్మని రైతు సేవా కేంద్రంలో పనిచేసే పావని గారు నన్ను అడిగారు. మండలంలో మంచి రైతుల్ని ఏరి, ఒక్కొక్కరి ఫొటో వేసి, కింద నాలుగు ముక్కలు రాసి పుస్తకం వేస్తారట. "మీరు పదో తరగతి పాసయ్యారు కదండీ, చేతిరాత కూడా బాగుంటుంది. పైగా ఆవిడ మీ తోడికోడలు. మీకన్నా ఎవరికి తెలుస్తుందండీ?" అన్నారు. ఫొటో సత్యవాణిది, ముక్కలు నావి అన్నమాట. వినగానే ఒళ్ళు మండింది.

అయినా రాసిచ్చాను. కష్టజీవి అని, కొత్త పద్ధతులు పాటించే మహిళా రైతు అని, కూలీలు దొరకని రోజుల్లో ఎవర్నీ కలుపుకి పిలవకుండానే నువ్వులు పండించిందని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. అసలు సంగతి మాత్రం లేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

సత్యవాణి పుట్టిల్లు యానాం దగ్గర ఒక లంక ఊరు. మా మరిది లోకనాథ్‌ని చేసుకుని మా ఇంటికొచ్చి పదకొండేళ్ళయింది. "మనవాళ్ళు యానాం వైపు నుంచి చవక మందు సీసాలు తెచ్చుకోవడం చూశాం గానీ పిల్లని తెచ్చుకోవడం ఇప్పుడే చూస్తున్నాం" అని పెళ్ళి పందిట్లో అన్నది నేనే. అందరూ నవ్వారు. పీటల మీద కూచుని ఆ పిల్ల కూడా నవ్వింది. నాకు అప్పుడే నచ్చలేదు. అంత మాటన్నప్పుడు కాస్త ముఖం చిన్నబుచ్చుకోవాలి కదా!

మాది పెద్దాపురం నుంచి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మెట్ట ఊరు. అన్నదమ్ములిద్దరికీ చెరో రెండెకరాలు వచ్చాయి. మా ఆయన త్రిమూర్తులు ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చేస్తాడు. లోకనాథ్ వరికోత మిషను నడుపుతాడు, కోతలు ఎక్కడుంటే అక్కడికి పోతాడు, ఏడాదిలో ఏడు నెలలు ఊళ్ళో ఉండడు. సత్యవాణి రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పొద్దున్న ఆరింటికి ఫ్యాక్టరీ బస్సు ఎక్కితే సాయంత్రం ఐదున్నరకి దిగుతుంది. రోజంతా రొయ్యల తలలు తీసి, మంచునీళ్ళలో నానిపోయిన ఆ చేతులతోనే ఇంటికొచ్చి గేదె పాలు పిండుతుంది, ఇద్దరు ఆడపిల్లలకి జడలు వేస్తుంది, ఆదివారమైతే పొలంలో దిగుతుంది. ఇంత చేసినా అలిసిపోయినట్టు కనబడదు. నేను ఇంట్లో ఉండి కూడా మధ్యాహ్నానికి నడుము పట్టుకుని కూలబడతాను. ఆమెని చూస్తే కుళ్ళు పుట్టకుండా ఎలా ఉంటుంది?

మా అత్తగారు అచ్చాయమ్మ గారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుని రెండేళ్ళు మంచం మీద ఉన్నారు. కోడళ్ళిద్దరం నెలకొకరు చొప్పున చూసుకోవాలని అనుకున్నాం. నా వంతు దగ్గర పడేసరికి నాకు నడుము నొప్పి ఎక్కువయ్యేది. ఒక నెల అలా, రెండో నెల అలా, తర్వాత వంతుల మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిడ సత్యవాణి ఇంట్లోనే ఉండిపోయారు. రోజూ పనికి వెళ్ళే ముందు పక్క మార్చి, ఒళ్ళు తుడిచి, గంజి తాగించి బస్సెక్కేది సత్యవాణి. మధ్యాహ్నం పూట వెళ్ళి మందుబిళ్ళ వేసి వచ్చేదాన్ని నేను. పోయే ముందు మాత్రం అత్తగారు నన్నే పిలిపించి నువ్వుల కుండ నా చేతిలో పెట్టారు. పెద్ద కోడలికి ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ.

ఆ కుండ గురించి చెప్పాలి. నల్లటి మట్టికుండ, మూతికి పాత చీర ముక్క, లోపల జల్లించిన బూడిద, వేపాకు, వాటి మధ్య ఇటుక రంగు నువ్వులు. మా అత్తగారి అత్తగారి నాటి విత్తనం. చిన్న గింజ. కొట్లో అమ్మే తెల్ల నువ్వుల పక్కన పెడితే ఎవరూ చూడరు. కానీ రోట్లో వేసి నాలుగు పోట్లు పొడిస్తే చాలు, నూనె చేతికంటుతుంది. నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోసి నైవేద్యం పెట్టే చిమ్మిలి ఈ నువ్వులతో, బెల్లంతో దంచితేనే మా వాళ్ళకి తృప్తి. మా వీధిలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఆ పొద్దున గిన్నెలు పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. నేను అరుగు మీద కుండ ఒళ్ళో పెట్టుకుని కూచుని ఒక్కొక్కరికీ కొలిచి పోసేదాన్ని. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది లేదు. అందరూ "లోవలక్ష్మి గారి నువ్వులు" అనేవాళ్ళు. నా పేరు పెట్టి ఊళ్ళో చెప్పుకునేది ఆ ఒక్కటే.

కుండకి ఒక నియమం ఉంది. ఎన్ని చల్లినా, ఎందరికి పోసినా అడుగున సోలెడు మిగలాలి. ఏ ఏడు చేను పోయినా మళ్ళీ మొదలుపెట్టుకోవడానికి అవి ఉంటాయి. కుండ దగ్గర అబద్ధం కూడా ఆడకూడదని అత్తగారు అనేవారు.

నిరుడు జనవరిలో సత్యవాణి తన పొలంలో అరెకరం ఆఫీసువాళ్ళిచ్చిన తెల్ల నువ్వులు వేసింది. పావని గారు వచ్చి చేలో ఒక బోర్డు పాతించారు. ప్రదర్శన క్షేత్రం అట, కింద రైతు పేరు సత్యవాణి అట. ఇరవై రెండేళ్ళుగా నువ్వులు పండిస్తున్న నా పేరు ఏ బోర్డు మీదా లేదు. ఆమె చేను రోడ్డు పక్కనే ఉంటుంది, దాని వెనక జీడితోట, తోట దాటితే మా చేను. ఆ బోర్డు చూడలేక నెలన్నర పాటు మోటారు షెడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాను. ఈ చుట్టూ తిరగడమే నా కొంప ముంచింది.

మా మెట్టలో నువ్వుకి మొదటి నెల గండం. మొక్క నిదానంగా లేస్తుంది, గరికా గలిజేరూ వయ్యారిభామా ముందు పరిగెడతాయి. ఇదివరకు కూలీల మేస్త్రి పాపాయి ముఠాకి కబురు చేస్తే పదిమంది ఆడవాళ్ళు వచ్చి రెండు రోజుల్లో తీసేసేవాళ్ళు. ఇప్పుడు సగంమంది ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతున్నారు. పాపాయి వస్తానన్న రోజు రాదు, వచ్చిన రోజు నలుగురితో వస్తుంది. ఆమెని బతిమాలి మూడుసార్లు కలుపు తీయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సత్యవాణి ఏ ముఠానీ పిలవలేదని విని లోపల సంతోషించాను. చేను గడ్డిపాలవుతుంది, బోర్డు పక్కన గడ్డి బాగా కనబడుతుంది అనుకున్నాను.

ఒకరోజు మా ఆయన బండి మీద వెనక కూచుని వస్తుంటే ఆయన రోడ్డు దారిన పోనిచ్చాడు. ఆమె చేను దగ్గర బండి ఆపేశాడు. "కలుపేదే?" అన్నాడు. నేనూ చూశాను. నువ్వు మోకాలు దాటి పూత మీద ఉంది. సాలుకీ సాలుకీ మధ్య నేల కనబడకుండా పిల్లిపెసర చాప పరిచినట్టు పాకి ఉంది. అదే, డెల్టాలో గేదెల మేతకి వేసుకునే తీగ పైరు. అది కమ్మేసిన చోట గడ్డి లేవలేదు. తుంగ మాత్రం ఎక్కడో ఒకటీ అరా తల ఎత్తింది. దిగి వేళ్ళతో తీగ తప్పించి చూశాను. కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. మా చేలో నీళ్ళు పెట్టి రెండు రోజులైనా కాకముందే నెర్రెలిచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం చేను చూడ్డానికి ఆఫీసువాళ్ళూ చుట్టుపక్కల రైతులూ వచ్చారు. నేను జీడిచెట్టు చాటున నిలబడి విన్నాను. "మా నాన్న వరి కోతకి ముందు చేలో పిల్లిపెసర చల్లేవాడండి, గేదెల కోసం. అది పాకిన చోట ఇంకేమీ మొలిచేది కాదు. నాకు కలుపు తీయడానికి టైమెక్కడిదండీ? బస్సులో కూచుని అదే ఆలోచించాను. పావని గారిని అడిగితే నువ్వులో కూడా చెయ్యొచ్చన్నారు" అంటోంది సత్యవాణి. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినలేక నేను వచ్చేశాను. ఆ తర్వాతే ఎప్పుడు విత్తాలో, ఎలా విత్తాలో చెప్పిందట. నేను చప్పట్ల దాకానే విన్నాను.

ఆమె సాయంత్రాలు కొడవలితో తీగ కొసలు కోసి గేదెకి వేసేది. తీగ నువ్వు మీదికి ఎక్కకుండా ఉంటుంది, గేదెకీ మేత. గేదె నిగనిగలాడింది. చివరికి గేదెని చూసి కూడా కుళ్ళుకున్నాను.

"వెళ్ళి ఎలా చేసిందో అడగరాదా?" అన్నాడు మా ఆయన.

"నిన్నగాక మొన్న వచ్చినదాన్ని నేను అడగాలా? పిల్లిపెసర చల్లడం ఎవరికి తెలీదు?" అన్నాను. నిజంగానే మా వైపు పిల్లిపెసర అంటే చల్లడమే. బుట్టలోంచి గుప్పెడు తీసి విసిరితే అదే మొలుస్తుంది. సాళ్ళ మధ్య చూసి విత్తడం ఎవరూ ఎరగరు.

మే నెల చివర, తొలకరి విత్తనాల వేళ, సత్యవాణి బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. చేతిలో సోల ఉంది.

"అక్కా, ఆఫీసు నువ్వులు బాగానే పండాయి గానీ చిమ్మిలికి అత్తయ్య గారి నువ్వులంత రుచి రాదు. ఒక సోలెడు విత్తనం పోస్తారా? పంట రాగానే రెండు సోలలు తెచ్చి పోస్తాను" అంది.

ఆమె చేలో ఆ విత్తనం పడితే ఎలా పండుతుందో నాకు తెలుసు. రోడ్డు పక్కన చేను, బోర్డు, ఫొటోలు. వచ్చే చవితికి పద్నాలుగు గిన్నెలు ఆమె గుమ్మంలో ఉంటాయి. "రేపు రా" అన్నాను.

లేవని చెప్పాలంటే అబద్ధం ఆడాలి. కుండ దగ్గర అబద్ధం ఆడకూడదు. అందుకని అబద్ధాన్ని నిజం చేశాను. మర్నాడు పొద్దున్నే కుండ మొత్తం బుట్టలో వంపేశాను. అడుగు సోలెడు కూడా. పెద్దాపురం నుంచి తెప్పించిన పిల్లిపెసర విత్తనం అందులోనే కలిపి, దున్నిన రెండెకరాల్లోనూ రెండూ కలిపి చల్లేశాను. ఎకరానికి రెండు కిలోల నువ్వులు సరిపోతే నాలుగు కిలోలు పడ్డాయి. మా ఆయన "ఇంత ఒత్తుగానా?" అంటే "మీరు ఊరుకోండి" అన్నాను.

సాయంత్రం సత్యవాణి వచ్చింది. కుండ వంచి చూపించాను. "అయ్యో, మొత్తం చల్లేశారా అక్కా?" అని లోపలికి తొంగిచూసింది. తర్వాత, "అడుగున బూడిదలో కొన్ని అంటుకుని ఉన్నాయి. దులుపుకోనా?" అంది.

"దులుపుకో" అన్నాను, బిచ్చం వేసినట్టు.

నేల మీద పాత పేపరు పరిచి, కుండ బోర్లించి, అడుగు మీద అరచేత్తో మెల్లగా తట్టింది. బూడిదతో కలిపి రెండు గుప్పెళ్ళు రాలాయి. వాటిని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మొదటి పది రోజులు నా చేను చూసి మురిసిపోయాను. నేలంతా పచ్చగా కమ్మేసింది. ఒక్క గడ్డిపరక లేదు. ఇరవయ్యో రోజుకి అనుమానం వచ్చింది. నెల తిరిగేసరికి నువ్వు మొక్కలు దారప్పోగుల్లా సాగి పాలిపోయాయి, పిల్లిపెసర వాటి మీదికెక్కి పడుకోబెట్టేసింది. పీకుదామంటే రెండింటి వేళ్ళూ ముడిపడి ఉన్నాయి, ఒకటి లాగితే రెండూ వచ్చాయి. పాపాయిని పిలిచాను. ఆమె గట్టు మీద నిలబడి చేను చూసి, "ఇందులో ఏది కలుపో ఏది పైరో మీరే చెప్పండమ్మా, అది పీకుతాం" అంది. వెనకున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సత్యవాణి ఆ రెండు గుప్పెళ్ళూ ఐదు సెంట్లలో పన్నెండు సాళ్ళుగా వేసింది. ఇప్పుడు రోజూ ఆ దారినే వెళ్ళి చూశాను, మానలేకపోయాను. రెండు వారాలకి ఒత్తు మొక్కలు పీకేసింది. ఇరవయ్యో రోజు ఆదివారం వచ్చింది, చిన్న పారతో ఒకసారి గడ్డి చెక్కి, అప్పుడు పిల్లిపెసర గింజలు సాళ్ళ మధ్య వేసింది. అప్పటికి నువ్వు జానెడు లేచి ఉంది. ఇక కింద పాకేది కిందే పాకింది. అదీ కిటుకు. మూడు వారాల తేడా. చుట్టూ తిరిగి వెళ్ళిన నెలన్నరలో నేను చూడకుండా పోయింది అదే.

ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. నా రెండెకరాల్లో కట్టలు కట్టి ఎండబెట్టి దులిపితే వచ్చినవి నల్లబడ్డ తాలు గింజలు. నీళ్ళలో వేస్తే అన్నీ తేలిపోయాయి. అత్తగారి అత్తగారి నాటి విత్తనం నా చేతిలో పోయింది. ఒకరికి ఇవ్వకూడదనుకుని పోగొట్టాను. ఆ మాట మా ఆయనతో కూడా చెప్పలేదు.

నాగుల చవితి దగ్గరపడింది. పద్నాలుగు గిన్నెలు వస్తాయి. కొట్లో తెల్ల నువ్వులు తెచ్చి కుండలో పోసి కొలుద్దామా అనుకున్నాను. రంగు చూస్తే పిల్లలు కూడా కనిపెడతారు. చవితి ముందురోజు సాయంత్రం తునిలో మా పుట్టింటికి పోవడానికి బ్యాగు సర్దుకున్నాను. తలుపుకి తాళం వెయ్యబోతుంటే సత్యవాణి వచ్చింది, చేతిలో స్టీలు డబ్బా.

"ఎక్కడికక్కా?"

"తుని. అమ్మకి ఒంట్లో బాగోలేదు" అన్నాను. అబద్ధమే. కుండ వంటింట్లో ఉంది, నేను వసారాలో ఉన్నాను.

ఆమె డబ్బా అరుగు మీద పెట్టి మూత తీసింది. నిండా ఇటుక రంగు నువ్వులు. ఒక్క తాలు లేదు. "కుండ తీసుకురండి. ముందు విత్తనం అందులో పడాలి" అంది.

తీసుకొచ్చాను. ఆమె పోస్తుంటే ఆ గింజల చప్పుడు విని నాకు కోపం, సిగ్గు, ఏడుపు అన్నీ కలిసి వచ్చాయి. ఆపుకోలేక అనేశాను. "నీకివ్వకూడదనే ఆ రోజు మొత్తం చల్లేశాను."

"తెలుసు. అడుగు పెట్టే చోటు లేకుండా మొలిచాయి కదా. చూస్తే తెలీదా?"

"తెలిసీ తెచ్చావా?"

సత్యవాణి డబ్బా పక్కన పెట్టి మెట్టు మీద కూచుంది. నా వంక చూడలేదు.

"పదో రోజున మీ చేను చూశాను అక్కా. పిల్లిపెసర కూడా అప్పుడే మొలిచేసింది. ఆ రోజే దాన్ని పీకించేస్తే చేను బతికేది. చెబుదామని బస్సు దిగి మీ గుమ్మం దాకా వచ్చాను. వచ్చి వెనక్కెళ్ళిపోయాను. ఆ తర్వాత రోజూ చూస్తూనే ఉన్నాను, చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదే?"

"రెండేళ్ళు అత్తయ్య గారికి అన్నీ నేను చేశాను. ఆఖరి రోజున, కాస్త పక్కకి జరుగు, పెద్ద కోడల్ని పిలు అన్నారు. నేనే వచ్చి మిమ్మల్ని పిలిచాను, గుర్తుందా? నా ముందే కుండ మీకిచ్చారు. అప్పట్నించీ ఆ కుండ చూస్తే నాకు కుళ్ళే. పోనీలే, ఈసారి పోనీ అనుకున్నాను. మీ చేను మీదికి తీగ ఎక్కుతుంటే సంతోషంగా కూడా ఉండేది." ముక్కు చీదింది. "తర్వాత భయమేసింది. నా పన్నెండు సాళ్ళూ పోతే ఇక ఆ విత్తనం ఎక్కడా ఉండదు కదా అని. ఫ్యాక్టరీకి నాలుగు రోజులు సెలవు పెట్టి మరీ కాపలా కాశాను."

నాకు కోపం రావాలి. నా చేను పోతుంటే చూస్తూ ఊరుకుంది. కానీ రాలేదు. ఇన్నేళ్ళూ ఈ జబ్బు నా ఒక్కదానికే ఉందనుకున్నాను. వంతులనాటి నా నడుము నొప్పి గుర్తొచ్చింది. ఆ నొప్పి అబద్ధమని ఆమెకి అప్పుడే తెలిసి ఉంటుందని ఇప్పుడు అర్థమైంది. బ్యాగు తీసి లోపల పెట్టాను.

చవితి పొద్దున్నే గిన్నెలు వచ్చాయి. ఎప్పట్లాగే అరుగు మీద కుండ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. "మీ చేను పోయిందన్నారు, మరి ఈ నువ్వులెక్కడివండీ?" అని పాపాయి అడిగింది. "సత్యవాణివి" అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి కాస్త కష్టపడ్డాను. పద్నాలుగు ఇళ్ళకీ కొలిచి పోశాను. అందరూ వెళ్ళాక తలెత్తి చూస్తే సత్యవాణి నిలబడి ఉంది, చేతిలో గిన్నెతో. ప్రతి ఏడూ అందరి తర్వాత ఆమె కూడా అలా వచ్చి నిలబడేది. నేను కొలిచి పోసేదాన్ని, సోల అంచు కంటే కాస్త తక్కువగా.

ఆమె గిన్నె ముందుకి చాపింది. తన నువ్వుల్ని నా దగ్గర అడుగుతోంది. సోల ముంచాను గానీ చెయ్యి లేవలేదు. కుండలో ఇంకా అడుగున సోలెడు పైనే ఉన్నాయి.

"కూచో" అన్నాను. కూచుంది. కుండ నా ఒళ్ళోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాను, సోల చేతికిచ్చాను. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుంటే, నేను లోపలికి వెళ్ళి నా గిన్నె తెచ్చుకున్నాను. ఇంట్లో ఉన్నవాటిలో పెద్దది చూసి తెచ్చాను.